క్రీస్తే మార్గమని నమ్మేవాళ్లు ఇతర మతాలను గౌరవించగలరా? రాజకీయాల్లో విశ్వాసానికి చోటుందా?

గౌరవించగలరు. నమ్మడం వేరు, ఎదుటివాళ్ల మీద రుద్దడం వేరు. బలవంతపెడితే పుట్టేది విశ్వాసం కాదు, భయం. చరిత్రలో చర్చి ఈ మాట చాలాసార్లు మరిచింది, ఒప్పుకుని తీరాలి. 1965లో కాథలిక్ చర్చి బిషప్పుల సమావేశమైన రెండో వాటికన్ మహాసభ, మత స్వేచ్ఛ ప్రతి మనిషి హక్కని తేల్చి చెప్పింది. మన హైదరాబాద్‌లోనే చూడండి: సికింద్రాబాద్ సెయింట్ మేరీస్ బాసిలికాలో మరియమ్మకు కొవ్వొత్తి వెలిగించేవాళ్లలో హిందువులూ ఉంటారు.

రాజకీయాలంటారా, విశ్వాసాన్ని ఇంట్లో వదిలేసి రానక్కర్లేదు. బీదల పక్షాన నిలబడటం దాని పనే. కానీ చట్టం అందరిదీ. మన రాజ్యాంగంలోని 25వ అధికరణ నాకిచ్చిన మత స్వేచ్ఛే పక్కింటి ముస్లింకీ ఇచ్చింది. ఆ రాజ్యాంగాన్ని రాసిన రాజ్యాంగ సభ ఉపాధ్యక్షుడు హెచ్.సి. ముఖర్జీ క్రైస్తవుడే. మతం పేరిట చట్టసభల్లో సీట్లు రిజర్వు చేయడం వద్దన్నవాళ్లలో ఆయనా ఉన్నారు.