మైపాడు రోడ్డులో ఇల్లు, వారం వారం ఒంగోలు ప్రయాణం: ఐదేళ్ల పెట్రోల్ కారును ఇంట్లో ఎలా చూసుకోవాలి?

నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట దగ్గర ఉంటారని, ఐదేళ్ల చిన్న పెట్రోల్ కారు సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నారని, వారానికోసారి ఒంగోలు వెళ్లొస్తారని రాశారు. సర్వీసులు కాకుండా ఇంటి దగ్గర ఏం చూసుకోవాలన్నది మీ ప్రశ్న. కారుతో వచ్చే పుస్తకంలో లెక్కంతా కిలోమీటర్లు, నెలల మీదే నడుస్తుంది. సముద్రానికి ఇంత దగ్గరున్న కారుకు ఆ లెక్క చాలదు. ఉప్పుగాలి, మే నెల ఎండ, దుమ్ము, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే వానలు కారుని నిలబెట్టిన చోటే పాతబడేలా చేస్తాయి. పాలిష్, సీట్ కవర్ల డబ్బు ముందు కారు అడుగుకి పెట్టండి.

ఉప్పు చుట్టూ ఉన్న గాలిలోని తేమని లాక్కుంటుంది. పైకి ఎండినట్టు కనిపించినా, ఉప్పు పట్టిన రేకు లోపల చెమ్మగానే ఉంటుంది. తుప్పు మొదలయ్యే చోట్లు: చక్రాల పైన మడ్‌గార్డ్ లోపలి అంచు, తలుపుల కింద నడిచే సిల్, సైలెన్సర్ అతుకులు, డిక్కీలో స్టెప్నీ పెట్టే గుంట. పదిహేను రోజులకోసారి మామూలు పైపుతో ఈ చోట్లన్నీ కింది నుంచి పైకి తడపండి. బీచ్‌కి వెళ్లిన రోజైతే ఇంటికి రాగానే కడగాలి, తెల్లారేదాకా ఆగొద్దు. రొయ్యల లోడు బండ్ల నుంచి నీళ్లు కారిన రోడ్డు మీద వచ్చినా అంతే. తీరం వెంబడి చాలా బోర్ల నీళ్లు ఉప్పగానే ఉంటాయని మర్చిపోకండి. వాటితో కడిగితే ఉప్పుని ఉప్పుతో కడిగినట్టే. నీళ్లు నోట్లో వేసుకుంటే ఉప్పగా తగిలితే, చివరి రెండు బకెట్లయినా మంచినీళ్లు వాడండి. కడిగాక ఎండలో ఆరనివ్వకుండా మైక్రోఫైబర్ గుడ్డతో తుడవాలి, లేకపోతే తెల్ల మచ్చలు పడతాయి. పొడి దుమ్ము మీద గుడ్డ పెట్టి రుద్దడం మాత్రం వద్దు. పెయింటు మీద గీతలు ఎక్కువగా అలా వచ్చేవే.

ప్రతి తలుపు కింది అంచున రెండు మూడు చిన్న కంతలు ఉంటాయి, అద్దం సందుల్లోంచి దిగిన వాన నీళ్లు పోవడానికి. మట్టితో అవి మూసుకుపోతే తలుపు లోపలి నుంచే కుళ్లుతుంది, పైన బుడగలు లేచేదాకా మనకి తెలియదు. పళ్లు కుట్టుకునే పుల్లతో నెలకోసారి పొడిచి చూడండి. ముందు అద్దం కింద, వైపర్ల దగ్గర పేరుకున్న వేపాకు కూడా తీసేయాలి. అక్కడ దారి మూసుకుంటే నీళ్లు డ్రైవర్ కాళ్ల కింది కార్పెట్‌లోకి దిగుతాయి. సెకండ్ హ్యాండ్ బండి కాబట్టి ఇవాళే ఆ కార్పెట్, డిక్కీలో స్టెప్నీ ఎత్తి చెయ్యి పెట్టి చూడండి.

అండర్‌బాడీ కోటింగ్ సంగతి. తుప్పు లేని రేకు మీద పని చేస్తుంది. ఉన్న తుప్పు మీదే నల్లగా కొట్టేస్తే లోపల మేస్తూనే ఉంటుంది, పైకి బాగున్నట్టు కనిపిస్తుంది. ముందు వైర్ బ్రష్, తర్వాత తుప్పుని ఆపే రస్ట్ కన్వర్టర్ మందు, ప్రైమర్, చివర కోటింగ్. కొట్టేవాళ్ల పక్కనే నిలబడి, ఇందాక చెప్పిన కంతలు మూసేయకుండా చూసుకోండి. బ్రేకుల మీద, సైలెన్సర్ మీద పడకూడదు.

ఇక టైర్లు. నెల్లూరు నుంచి ఒంగోలుకి ఎన్‌హెచ్ 16 మీద సుమారు 120 కిలోమీటర్లు. ఎండాకాలం మధ్యాహ్నం ఆ రోడ్డు మీద టైరు పేలడానికి ఎక్కువగా గాలి తక్కువ కావడమే కారణం. చాలామంది వేసవిలో గాలి వేడెక్కి పెరుగుతుందని రెండు మూడు పాయింట్లు (పీఎస్‌ఐ) తగ్గిస్తారు. అది తలకిందుల లెక్క. గాలి తగ్గితే టైరు పక్కగోడ ప్రతి చుట్టుకీ ఎక్కువ వంగుతుంది, ఆ వంగడం వల్లే వేడి పుడుతుంది. డ్రైవర్ తలుపు తీస్తే పక్క స్తంభం మీద స్టిక్కర్ ఉంటుంది, అందులో ఉన్న అంకె మీ కారుది. ఇలాంటి చిన్న కార్లకి మామూలుగా 30 నుంచి 33 మధ్య ఉంటుంది, నిండా మనుషులు, సామాను ఉంటే వేరే అంకె ఇస్తారు. పొద్దున్నే, బండి తీయకముందు చూసినదే సరైన రీడింగ్. కావలి దాకా వెళ్లి బంకులో చూస్తే నాలుగైదు పాయింట్లు ఎక్కువ చూపిస్తుంది, అప్పుడు గాలి తీయించకండి. సొంత గేజ్ ఒకటి కొనుక్కోండి. స్టెప్నీలో రెండు మూడు పాయింట్లు ఎక్కువే ఉంచండి, ఎవరూ దాన్ని నెలల తరబడి చూడరు కాబట్టి.

టైరు పక్కన డీఓటీ అని ఉన్న వరుస చివర నాలుగు అంకెలుంటాయి. 2321 అంటే 2021లో 23వ వారం తయారీ. మీ బండికి ఐదేళ్లు కాబట్టి కంపెనీ టైర్లే ఉంటే గాట్లు బాగున్నా పక్కగోడలో సన్న పగుళ్లు వెతకండి. అవి కనిపిస్తే హైవేకి పనికిరావు. గాటు లోతు 1.6 మిల్లీమీటర్లకి వస్తే మార్చాల్సిందే. గాట్ల మధ్య చిన్న దిమ్మెలు ఉంటాయి, టైరు వాటితో సమానమైతే అయిపోయినట్టు.

పంక్చర్ షాపుల్లో గాలి గన్‌తో నట్లు బిగిస్తారు. అవి అంత బిగుసుకుంటే రాత్రి పూట సింగరాయకొండ దగ్గర మీ చేతి స్పానర్‌కి కదలవు. చేత్తో, ఎదురెదురు నట్లు మార్చి మార్చి బిగించమనండి. చిన్న కార్లకి ఈ బిగువు సుమారు 85 నుంచి 110 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది, కచ్చితమైన అంకె పుస్తకంలో ఉంటుంది. నట్ల మరలకి గ్రీజు, నూనె రాయనివ్వకండి, కావలసిన దాని కంటే ఎక్కువ బిగుస్తాయి. చక్రం తీసి పెట్టాక ఒక 50, 100 కిలోమీటర్లు తిరిగిన తర్వాత మళ్లీ ఒకసారి బిగువు చూడాలి. ట్యూబ్‌లెస్ టైరుకి పక్కగోడలో పడ్డ కంతకి రబ్బరు పుల్ల (ప్లగ్) పెట్టించుకుని హైవే ఎక్కొద్దు.

రేడియేటర్‌లో బోరు నీళ్లు పోయడం ఇక్కడ బాగా అలవాటు. గట్టి నీళ్ల సున్నం లోపల గొట్టాలకి పట్టి, రెండు ఎండాకాలాల్లో ఇంజిన్ వేడి చూపే ముల్లు పైకి వెళ్తుంది. రెడీమేడ్ కూలెంట్ అయితే నేరుగా పోయాలి, చిక్కటిదైతే డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం కలపాలి. డబ్బా మీద రంగు చూసి కలపకండి, రకం చూడండి. ఇంజిన్ వేడిగా ఉండగా మూత తిప్పితే ఆ ఒత్తిడికి మరుగుతున్న నీళ్లు ముఖాన కొడతాయి, అరగంట పైన ఆగాల్సిందే. ఏసీ వేసి, బండి నిలిపి, బానెట్ ఎత్తి ఫ్యాన్ తిరుగుతోందా లేదా చూడటం రెండు నిమిషాల పని. దుమ్ము, ఊక, పురుగులు ముందు జాలీలో పేరుకుంటే ఏసీ చల్లదనం తగ్గి, ఇంజిన్ కూడా వేడెక్కుతుంది. మామూలు పైపుతోనే కడగండి, ప్రెషర్ గన్ ఆ పల్చటి రెక్కల్ని వంచేస్తుంది. చీమకుర్తి వైపు గ్రానైట్ దుమ్ములో తరచూ తిరిగితే ఎయిర్ ఫిల్టర్‌ని పుస్తకం చెప్పిన కిలోమీటర్ల కంటే ముందే తీసి చూడాలి. కాగితం ఫిల్టర్‌ని నీళ్లతో కడగకూడదు.

బ్యాటరీని ఎక్కువ దెబ్బ తీసేది ఎండ. రాత్రంతా నిలిపిన బండికి పొద్దున మల్టీమీటర్ పెడితే 12.6 వోల్టులు నిండు, 12.2 అంటే సగం. ఇంజిన్ నడుస్తుండగా చాలా కార్లలో 13.8 నుంచి 14.5 మధ్య రావాలి. టెర్మినల్ మీద తెల్లగా, పచ్చగా చిలుము పడితే ముందు మైనస్ వైరు విప్పండి, తినే సోడా కలిపిన వేడి నీళ్లతో బ్రష్ చేయండి, ఆరాక వ్యాజ్‌లైన్ పూయండి. బిగించేటప్పుడు మైనస్ చివర.

కోతల రోజుల్లో పడమటి మండలాల వైపు వెళ్తే ఒక ప్రమాదం ఉంది. రోడ్డు మీద కంది కట్టె, గడ్డి పరిచి బండ్లతో తొక్కిస్తారు. ఆ గడ్డి యాక్సిల్‌కి చుట్టుకుని సైలెన్సర్ ముందుండే, పొగని శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌కి తగులుతుంది, దాని వేడి వందల డిగ్రీల్లో ఉంటుంది. కాసేపటికి కారు కింద మంట. వీలైతే పక్క నుంచి పోనివ్వండి. ఎక్కక తప్పకపోతే దాటగానే నేల ఖాళీగా ఉన్న చోట ఆపి, ఇంజిన్ కట్టేసి, టార్చి వేసి కిందకి చూడండి. చుట్టుకున్న గడ్డిని కర్రతో లాగాలి, చెయ్యి పెట్టకూడదు. ఎండు గడ్డి మీద బండి పార్క్ చేయడం కూడా ఇదే కారణంగా తప్పు.

నవంబరు నీళ్ల గురించి. 2021 నవంబరులో పెన్న వరదకి కోవూరు దగ్గర హైవే రాకపోకలే ఆగాయి. రోడ్డు మీద నీళ్లు సగం చక్రం దాటితే వెనక్కి తిరగండి. పారే నీళ్లయితే అంతకన్నా తక్కువ లోతున్నా దిగకండి. దిగాల్సి వస్తే ఫస్ట్ గేర్, ఒకే వేగం, మధ్యలో యాక్సిలరేటర్ వదలొద్దు. నీళ్లలో ఇంజిన్ ఆగిపోతే మళ్లీ స్టార్ట్ కొట్టకూడదు. సిలిండర్‌లోకి నీళ్లు వెళ్లి ఉంటే పిస్టన్ వాటిని నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ఇలా పోయిన ఇంజిన్‌కి మామూలు ఇన్సూరెన్స్ సాధారణంగా డబ్బు ఇవ్వదు, ఇంజిన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవర్ ఉండాలి. మీది అక్టోబరులోపు రెన్యువల్ అయితే అది ఉందో లేదో చూసుకోండి.

చివరగా ఎలుకలు. వరి పొలాల పక్కన నిలిపే కార్లలో వైర్లు కొరకడం మామూలే. పొగాకు కాడలు గుడ్డలో కట్టి బానెట్ కింద పెట్టే పద్ధతి మన జిల్లాల్లో ఉంది. ఘాటు ఉన్నన్నాళ్లు కొంత పని చేస్తుంది, వానాకాలం తేమకి ఆ ఘాటు త్వరగా పోతుంది. ఎండిన ఆకు కాబట్టి సైలెన్సర్ వైపు కాకుండా బ్యాటరీ పక్కన, కదలకుండా కట్టండి. అంతకన్నా ఖాయమైనది, కారు రెండు మూడు రోజులు కదలకపోతే బానెట్ కొద్దిగా ఎత్తి లోపలికి వెలుతురు పడనివ్వడం, కారులో తిండి ముక్కలు ఉంచకపోవడం.