పాత సారుకు తెలుసు, కొత్త సారుకు ఎవరు చెప్పారు?

ప్రశ్న: నాకు 42 ఏళ్లు. జీడిమెట్లలో ఒక కంపెనీ డిస్పాచ్ సెక్షన్‌లో పనిచేస్తున్నాను. నాలుగేళ్లుగా అమ్మకు సోమ, బుధ, శుక్రవారాలు డయాలసిస్. ఆ రోజుల్లో నాలుగున్నరకే బయల్దేరి ఆమెను ఇంటికి తీసుకెళ్లేవాణ్ని. పాత ఇన్‌ఛార్జి సారు చూసీ చూడనట్టు ఊరుకునేవారు. నేనూ నెలాఖరు స్టాక్ లెక్కకు రాత్రి పదింటి దాకా ఉండేవాణ్ని, ఏనాడూ ఓటీ అడగలేదు. ఆయన రిటైరయ్యారు. కొత్తాయన నేను ముందు వెళ్లిన ప్రతిసారీ హాఫ్ డే వేస్తున్నారు. ఒళ్లు మండి పోయిన నెలాఖరున అయిదున్నరకే బ్యాగు తగిలించుకుని వచ్చేశాను. కూకట్‌పల్లిలో తమ్ముడున్నాడు, వాడికి తెలియదా నా అవస్థ? ఇంట్లో ఎవరితోనూ మాట్లాడబుద్ధి కావడం లేదు.

జవాబు: మీరు నాలుగున్నరకు కొట్టిన పంచ్ సిస్టంలో ఉంది. రాత్రి పదింటికి అట్టపెట్టెలు లెక్కపెట్టిన సంగతి ఏ రిజిస్టర్‌లోనూ లేదు. కొత్తాయనకు కనిపించేది వారానికి మూడుసార్లు ముందే వెళ్లిపోయే మనిషి. రాత్రి పదింటి దాకా ఉండే రెండో మనిషి గురించి తెలిసిన ఒకే ఒక్కాయన రిటైరయ్యారు. వెళ్లేటప్పుడు స్టోర్ తాళాలు అప్పగించి ఉంటారు. మీ సంగతి కూడా అప్పగించాలని ఆయనకూ తోచలేదు, మీకూ తోచలేదు.

నోరు తెరవకుండా కుదిరే ఈ సర్దుబాట్లకు ఒక పేరుంది. ఫ్యాక్టరీలో ఫోర్‌మన్ కార్మికుల పద్ధతుల్లో వేలు పెట్టకపోవడం, వాళ్లు పని తగ్గకుండా చూసుకోవడం, ఈ ఇచ్చిపుచ్చుకోవడాన్ని 1960లో అమెరికా పరిశోధకుడు క్రిస్ ఆర్గిరిస్ మానసిక ఒప్పందం అన్నారు. 1989లో పరిశోధకురాలు డెనిస్ రూసో దీన్నే ఇంకొంచెం తవ్వారు. ఒప్పందం ఉందన్నది ఎవరికి వారి నమ్మకం, ఎదుటివాళ్లూ అలాగే అనుకుంటున్నారని కాదు అన్నారామె. అది చెదిరితే మామూలు నిరాశతో పోదు, మాట తప్పారన్న కోపం పుడుతుంది. మీకు వచ్చింది ఆ కోపమే. కాకపోతే కొత్తాయన మీకు మాట ఇవ్వనేలేదు.

బ్యాగు తగిలించుకుని వచ్చేయడం మీ లెక్కలో జవాబు. ప్రశ్న ఏమిటో కూడా ఆయనకు తెలియదు. సహకరించని మనిషి అని ఇంకో గీత గీసుకుని ఉంటారు.

పాత సారు మంచివారే కావచ్చు. అయినా కంపెనీకి ఆ సర్దుబాటులో నష్టమేమీ లేదు. ఓవర్‌టైమ్ చేసే కార్మికుడికి రెట్టింపు రేటు కట్టాలన్నది 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం నుంచీ ఉన్న నియమమే. మీరు దయాధర్మం అడుక్కోవడం లేదని గుర్తుంచుకుంటే గొంతు వణకదు.

నెలాఖరు హడావిడి తగ్గాక, ఐదో తేదీ దాటనిచ్చి పది నిమిషాలు టైమ్ అడగండి. డయాలసిస్ కార్డు జేబులో పెట్టుకోండి. ‘పాత సారు ఉన్నప్పుడు’ అని మాత్రం మొదలుపెట్టొద్దు, ఏ కొత్త ఇన్‌ఛార్జికైనా అక్కడే చెవులు మూసుకుపోతాయి. ‘సార్, నాలుగు గంటలు మిషన్ మీదుండి లేచాక అమ్మకు కళ్లు తిరుగుతాయి, ఒంటరిగా ఆటో ఎక్కించలేను. ఆ మూడు రోజులు గంట ముందే వస్తాను, నాలుగున్నరకు పంపండి. నెలాఖరు స్టాక్ నేను దగ్గరుండి చూస్తాను’ అనండి. పోయిన నెల అలా వచ్చేసినందుకు ఒక్క ముక్క సారీ చెప్పినా మీ పరువేం పోదు. ఒప్పుకుంటే ఆ సాయంత్రమే రెండు లైన్లు మెయిల్ పెట్టి, హెచ్ఆర్‌కు కాపీ పంపండి. ఈయనా రేపు బదిలీ అవుతారు. కుదరదంటే షిఫ్ట్ మార్పు కోసం హెచ్ఆర్‌ను అడగండి. అప్పుడిక నెలాఖరు రాత్రులకు ఓటీ రాయించుకోండి, మొహమాటం వద్దు.

ఇక తమ్ముడు. ‘వాడికి తెలియదా’ అన్నారు. బహుశా తెలియదు. నాలుగేళ్లుగా మీరే చూసుకుంటున్నారు కాబట్టి అన్నయ్యకు ఆఫీసులో వీలవుతోందని అనుకుని ఉంటాడు. హాఫ్ డేల కింద ఎంత కోత పడిందో మీ భార్యకైనా చెప్పారా అన్నది నా అనుమానం. వారంలో శుక్రవారం ఒక్కటి తమ్ముడు చూసుకున్నా, మీరు ఇన్‌ఛార్జిని అడగాల్సింది రెండు రోజులే. ఆఫీసులో ఐదో తేదీ దాకా ఆగండి గానీ, తమ్ముడికి ఈ రాత్రే ఫోన్ చేయండి.