పెళ్ళికొడుకు హెచ్-ఇండెక్స్ 7

ప్రశ్న: మా అమ్మాయికి అమెరికా సంబంధం వచ్చింది. అబ్బాయి మాలిక్యులర్ బయాలజీలో పీహెచ్‌డీ చేసి, ఇప్పుడు పోస్ట్‌డాక్ చేస్తున్నాడు. బయోడేటాతో పాటు గూగుల్ స్కాలర్ పేజీ ఫొటో కూడా పంపారు. పేపర్లు 11, సైటేషన్లు 640, హెచ్-ఇండెక్స్ 7 అని ఉంది. మధ్యవర్తి “640 అంటే మాటలు కాదండీ” అంటున్నాడు. మావారేమో “పదికి ఏడు మార్కులేగా?” అంటున్నారు. కాస్త విడమరిచి చెప్పండి.
– ఒక తల్లి, తణుకు

జవాబు: పదికి ఏడు కాదమ్మా, దానికి పై హద్దు లేదు. ఒకరి పేపర్‌ను ఇంకొకరు తమ పేపర్లో ఆధారంగా చూపిస్తే ఒక సైటేషన్. ఆ అబ్బాయి పేపర్లలో ఏడింటికి కనీసం ఏడేసి సైటేషన్లు వచ్చాయి కాబట్టి హెచ్-ఇండెక్స్ 7. ఎనిమిది కావాలంటే ఎనిమిది పేపర్లకు ఎనిమిదేసి రావాలి. 2005లో జార్జ్ హిర్ష్ అనే కాలిఫోర్నియా ఫిజిక్స్ ప్రొఫెసర్ పెట్టిన లెక్క ఇది. వయసుతో పాటు పెరుగుతుందే గానీ తగ్గదు. కాబట్టి కుర్రవాణ్ణి ముసలి ప్రొఫెసర్‌తో పోల్చకండి.

ఇక 640 సంగతి. మీరు పంపిన ఫొటో చూసి, ఆ పేపర్లు కూడా తీసి చూశాను. అందులో 480 ఒక్క పేపర్‌వే. దానికి రచయితలు 31 మంది, మన అబ్బాయి పద్నాలుగోవాడు. మా బయాలజీ రంగంలో పేర్ల వరసకు అర్థం ఉంటుంది. మొదటి పేరు రాత్రీపగలూ ప్రయోగం చేసినవాళ్ళది, చివరి పేరు ల్యాబ్ నడిపే ప్రొఫెసర్‌ది. మధ్యలో ఉన్నవాళ్ళు శాంపిళ్ళు ఇచ్చో, డేటా చూసిపెట్టో తలా ఒక చెయ్యి వేసినవాళ్ళు. అది తక్కువ పనేం కాదు. అలాగని 480 మొత్తం అతని ఖాతాలో వేసెయ్యలేం.

నాకు నచ్చినవి ఆ కింద ఉన్న రెండు పేపర్లు, 61, 34 సైటేషన్లవి. రెండింట్లోనూ మొదటి పేరు అతనిదే. ఒకటి పీహెచ్‌డీ ల్యాబ్‌లో చేసింది, రెండోది ఇప్పుడున్న చోట. గైడ్ మారినా పని ఆగలేదన్నమాట. ఈ వయసుకి బాగా చేస్తున్నట్టే.

అసలు ఈ అంకెలతో గొప్పదనం తూచబోతే ఎక్కడికి పోతామో చూడండి. 2014లో నేచర్ పత్రిక, అప్పటిదాకా అత్యధిక సైటేషన్లు వచ్చిన 100 పేపర్ల జాబితా వేసింది. మొదటి స్థానం 1951లో ఆలివర్ లౌరీ రాసిన పేపర్‌ది. ద్రావణంలో ప్రొటీన్ ఎంతుందో కొలిచే పద్ధతి అది, 3 లక్షలకు పైగా సైటేషన్లు. డీఎన్ఏ జంట మెలికల నిర్మాణాన్ని చెప్పిన 1953 నాటి వాట్సన్, క్రిక్ పేపర్‌కు ఆ వందలో చోటే లేదు! రోజూ వాడుకునే పద్ధతిని అందరూ చూపిస్తారు, పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కిపోయిన సత్యాన్ని ఎవరూ ప్రత్యేకంగా చూపించరు.

మీ పక్కనే ఉన్న భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి కథా అలాంటిదే. 1925లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కనిపెట్టారు. మేం ఎమ్మెస్సీ ల్యాబ్‌లో చేసింది ఆ ప్రయోగమే. మాలిబ్డేట్ పోసి, తర్వాత ఆన్సా అనే రసాయనం కలిపితే టెస్ట్‌ట్యూబ్‌లో నీలం రంగు తేలుతుంది. ఫాస్ఫరస్ ఎంత ఎక్కువుంటే నీలం అంత ముదురు. పేపర్ మీద ఫిస్కే పేరు ముందు, సుబ్బారావుగారిది తర్వాత. దశాబ్దాల తరబడి దానికి సైటేషన్లు వస్తూనే ఉన్నాయి, నోబెల్ మాత్రం రాలేదు.

అన్నట్టు, ఆ ఫొటో గొప్పలకే పంపారనుకోకండి. గ్రీన్‌కార్డ్ కోసం ఈబీ-1 (ప్రతిభ చూపించి అడిగే కోటా) లాంటి దరఖాస్తులు పెట్టే రీసెర్చర్ల దగ్గర లాయర్లు ఈ అంకెలే అడుగుతారు. అందుకే అది ఎప్పుడూ ఫోన్‌లో రెడీగా ఉంటుంది. మీరు అడగాల్సినవి వేరే ఉన్నాయి. పోస్ట్‌డాక్ అంటే పీహెచ్‌డీ తర్వాత ఒక ప్రొఫెసర్ ల్యాబ్‌లో కొన్నాళ్ళు చేసే పరిశోధన, పర్మినెంట్ ఉద్యోగం కాదు. ఇంకా ఎన్నాళ్ళుంది, ఏ వీసా, తర్వాత యూనివర్సిటీకా, కంపెనీకా? ఇవి మొహమాటం లేకుండా అడగండి. వీటికి జవాబు గూగుల్ స్కాలర్‌లో దొరకదు.

ప్రశ్న: “మా జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 7.8, డబ్బు కడితే మూడు రోజుల్లో పేపర్ వేస్తాం” అని వాట్సాప్‌లో మెసేజ్ వచ్చింది. పంపమంటారా?
– డిగ్రీ కాలేజీ లెక్చరర్, ఖమ్మం

జవాబు: వద్దు సార్. పేపర్‌ను ఇద్దరు ముగ్గురు నిపుణులు చదివి తప్పొప్పులు రాయడానికి మూడు రోజులు ఎక్కడ సరిపోతాయి? ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అంటే జర్నల్లో వచ్చిన పేపర్లకు సగటున ఎన్ని సైటేషన్లు వస్తున్నాయో చెప్పే అంకె. అందరూ ఒప్పుకునేది క్లారివేట్ సంస్థ ఏటా ఇచ్చే రిపోర్టులోదే. ‘గ్లోబల్’ అనో ‘యూనివర్సల్’ అనో ముందు తోక తగిలించి సొంతంగా అచ్చేసుకునేవి చాలా ఉన్నాయి. మీ యూనివర్సిటీ లైబ్రేరియన్‌కి జర్నల్ పేరు చెప్పండి, ఐదు నిమిషాల్లో తేల్చేస్తారు. ఈలోగా ఆ నంబర్‌ను బ్లాక్ చేసెయ్యండి.