పాత కాంక్రీట్ ఆర్చి వంతెన అడుగున పెచ్చులూడి కమ్మీలు బయటపడితే వంతెన కూలిపోతుందా?

వెంటనే కూలదు, కానీ నీళ్లు ఎక్కడినుంచి దిగుతున్నాయో చూసి ఆపకపోతే బలం తగ్గుతూనే ఉంటుంది.

ఆర్చిలో బరువంతా ప్రధానంగా నొక్కుడుగా వంపు వెంట పారి రెండు ఒడ్డుల దిమ్మెలకు చేరుతుంది. నొక్కుడును కాంక్రీటే తట్టుకుంటుంది. అందుకే కొన్ని కమ్మీలు తుప్పు పట్టినా ఆర్చి నిలబడుతుంది. పైన రోడ్డు మోసే స్లాబు, దాని కింది స్తంభాలకు అంత వెసులుబాటు లేదు. స్లాబు వంగుతుంది, ఆ లాగుడును మోసేది కమ్మీలే.

కొత్త కాంక్రీటులోని క్షారం కమ్మీని కాపాడుతుంది. ఏళ్ల తరబడి గాలిలోని కార్బన్ డయాక్సైడ్ లోపలికి చేరితే ఆ గుణం పోతుంది. ఆపై తేమ తగిలితే తుప్పు. తుప్పు ఇనుముకన్నా ఎక్కువ చోటు ఆక్రమించి కాంక్రీటును బయటికి నెడుతుంది. పెచ్చులు ఎక్కువగా ఊడేది నీళ్ల తూముల దగ్గర, స్లాబు అతుకుల కిందే.

అసలు ప్రమాదం పునాదిలో. 2021 నవంబరులో తిరుపతి దగ్గర స్వర్ణముఖి నదికి వచ్చినటువంటి వరద దిమ్మె కింది ఇసుకను కోసేస్తే, దిమ్మె కాస్త పక్కకు జరిగినా ఆర్చి నడినెత్తిన పగులు వస్తుంది. ఆ పగులు పెచ్చులకన్నా చాలా తీవ్రం. నీళ్లు తీయగానే ముందు చూడాల్సింది దిమ్మెల అడుగే.

పైన సిమెంటు పూస్తే సరిపోతుందనుకోవడం పొరపాటు. తుప్పు లోపల సాగుతూనే ఉండి ఆ పూతనూ ఊడగొడుతుంది. సుత్తితో తట్టి డొల్లగా మోగినచోటల్లా కమ్మీ వెనక్కి కూడా చెక్కాలి, తుప్పును మెరిసేదాకా గీకి రక్షణ పూత వేయాలి, ఆ తర్వాతే పాలిమర్ మోర్టార్ (పాలిమర్ కలిపిన సిమెంటు, ఇసుక మిశ్రమం) నింపాలి. తూములు, అతుకులు బాగుచేయడం మాత్రం వీటన్నిటికన్నా ముందు పని.