కోచ్‌కు ఆచార్య పదవి: అమోస్ అలొంజో స్టాగ్ వృత్తి జీవితం

ఎంపీఈడీ (వ్యాయామ విద్యలో పీజీ) పూర్తిచేసిన మీ తమ్ముడు డిగ్రీ కళాశాలలో ఫిజికల్ డైరెక్టర్‌గా చేరాలనుకుంటున్నాడనీ, కళాశాల క్రీడలకు తొలిరోజుల్లో కోచ్‌లుగా, డైరెక్టర్లుగా పనిచేసినవారి వృత్తి జీవితం ఎలా సాగిందో తెలుసుకోవాలని ఉందనీ మీరు అడిగారు. ఆంధ్రప్రదేశ్‌లోని ఒక డిగ్రీ కళాశాలలో 31 ఏళ్లు అదే ఉద్యోగం చేసి విరమించిన నాకు, ఈ ప్రశ్న చూడగానే అమెరికన్ ఫుట్‌బాల్ కోచ్ అమోస్ అలొంజో స్టాగ్ గుర్తుకు వచ్చారు.

ఆ పేరు నేను మొదట విన్నది మద్రాసు నందనంలోని వైఎంసీఏ వ్యాయామ విద్యా కళాశాలలో. 1920లో దానిని స్థాపించిన హ్యారీ క్రో బక్, అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ వైఎంసీఏ శిక్షణ పాఠశాలలో చదువుకుని మన దేశానికి వచ్చారు. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో దైవశాస్త్రం చదువుతూ పేరున్న ఆటగాడిగా ఎదిగిన స్టాగ్, 1890లో ఉద్యోగంలో చేరింది ఆ స్ప్రింగ్‌ఫీల్డ్‌లోనే. అక్కడి సహోద్యోగి జేమ్స్ నైస్మిత్ బాస్కెట్‌బాల్‌ను రూపొందించిన కొద్ది నెలలకే, 1892 మార్చి 11న, ప్రేక్షకుల ముందు జరిగిన తొలి ఆటలో అధ్యాపకులు విద్యార్థుల చేతిలో 5-1 తేడాతో ఓడిపోయారు. అధ్యాపకుల జట్టుకు దక్కిన ఆ ఒక్క గోలు వేసింది స్టాగ్.

అదే ఏడాది, కొత్తగా మొదలవుతున్న షికాగో విశ్వవిద్యాలయం అధ్యక్షుడు విలియం రైనీ హార్పర్, యేల్‌లో తన శిష్యుడైన స్టాగ్‌ను చేర్చుకుని, ఏటా 2,500 డాలర్ల జీతంతో అసోసియేట్ ప్రొఫెసర్ హోదాను, వ్యాయామ విభాగానికి డైరెక్టర్ పదవిని, శాశ్వత నియామకాన్ని ఒకేసారి ఇచ్చారు. చాలా కళాశాలల్లో ఆటల సీజను ముగిస్తే కోచ్ ఉద్యోగమూ ముగిసే ఆ కాలంలో, మైదానంలో పాఠం చెప్పే మనిషికీ తరగతి గదిలో పాఠం చెప్పే మనిషికీ ఒకే స్థాయి కల్పించడం చాలా పెద్ద మాట. స్టాగ్ జీవితంలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆకట్టుకున్నది ఈ నియామకమే. ఆయన విజయాల్లో చాలావాటికి మూలం ఇక్కడే ఉందని నా నమ్మకం. ఈ ఏడాది ఓడిపోతే వచ్చే ఏడాది ఉంటానో లేదో అన్న దిగులు లేని మనిషి కనుకనే, ఆయన అక్కడ 41 సీజన్లు అమెరికన్ ఫుట్‌బాల్ నేర్పించగలిగారు. 1905లో ఆయన జట్టు, అంతకుముందు వరుసగా 56 ఆటల్లో ఓటమి ఎరుగని మిషిగన్ విశ్వవిద్యాలయం జట్టును 2-0తో ఓడించింది. విభాగం జమాఖర్చులను తన చేతిలోనే ఉంచుకున్నారనీ, ఆటగాళ్ల చదువు విషయంలో చూసీ చూడనట్టు ఊరుకున్నారనీ ఆయనపై విమర్శలున్నాయి. వాటిలో బలముందని నేనూ ఒప్పుకుంటాను.

నా అనుభవం ఒకటి చెబుతాను. మా మైదానంలో వాలీబాల్ కోర్టు గీయాల్సి వచ్చినప్పుడల్లా తెల్లవారకముందే ఇద్దరు విద్యార్థులతో వెళ్లి, నాలుగు మూలలా మేకులు దిగగొట్టి, పురికొస లాగి 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు కొలిచేవాడిని. ఆ తరువాత రెండు కర్ణాలూ కొలిచి, రెండూ 20.12 మీటర్లు వస్తేనే మూలలు సరిగ్గా ఉన్నాయని నిశ్చయించుకుని, అడుగున చిల్లులు పొడిచిన డబ్బాతో సున్నం పోసేవాళ్లం. అలా పదేళ్లకు పైగా గీసిన కోర్టు ఉన్న చోట కొత్త భవనం కట్టాలని యాజమాన్యం నిర్ణయించినప్పుడు, ఆ సమావేశానికి శాఖాధిపతులందరినీ పిలిచారు గానీ నన్ను పిలవలేదు. పీడీ (ఫిజికల్ డైరెక్టర్) బోధనేతర సిబ్బంది కదా అని తరువాత చెప్పారు. భవనం కట్టడాన్ని నేను తప్పుపట్టను, తరగతి గదులు నిజంగానే చాలలేదు. కానీ కోర్టును మరో మూలకు మార్చే వీలుందని చెప్పడానికైనా నాకు అక్కడ కుర్చీ లేకపోవడం ఇప్పటికీ బాధ కలిగిస్తుంది. హార్పర్ స్టాగ్‌కు ఇచ్చింది ఆ కుర్చీనే.

అయితే ఆ హోదా కూడా ఆయనను చివరిదాకా షికాగోలో నిలపలేదు. 70 ఏళ్లు నిండడంతో 1932 సీజను తరువాత కోచ్ పదవి నుంచి తప్పుకోవాలని విశ్వవిద్యాలయం చెబితే, కోచింగ్‌తో సంబంధం లేని మరో ఉద్యోగం వద్దనుకుని, ఆయన కాలిఫోర్నియాలోని స్టాక్టన్ నగరంలో ఉన్న కాలేజ్ ఆఫ్ ది పసిఫిక్‌లో చేరి 14 సీజన్లు పనిచేశారు. 1943లో, 81 ఏళ్ల వయసులో, ఆ ఏటి ఉత్తమ కోచ్‌గా తోటి కోచ్‌లు ఆయనను ఎన్నుకున్నారు. ఆ తరువాత కొన్నేళ్లు కొడుకుతో కలిసి పెన్సిల్వేనియాలోని సస్క్వెహానా విశ్వవిద్యాలయంలో నేర్పించి, స్టాక్టన్‌కు తిరిగి వచ్చి, 98వ ఏట మైదానాన్ని వదిలి, 1965లో 102 ఏళ్ల వయసులో కన్నుమూశారు. షికాగో మాత్రం 1939లోనే పెద్ద స్థాయి ఫుట్‌బాల్‌కు స్వస్తి చెప్పింది; ఆయన పేరు పెట్టిన స్టాగ్ ఫీల్డ్ గ్యాలరీ కింద 1942 డిసెంబరు 2న తొలి నియంత్రిత అణు శృంఖల చర్య జరిగింది.

మీ తమ్ముడు చేరేముందు మూడు విషయాలు కాగితం మీద చూసుకోవాలి: నియామక పత్రంలో బోధన సిబ్బందిగా రాశారా, క్రీడా నిధి ఖర్చుపై సంతకం ఎవరిది, పోటీలకు వెళ్లిన విద్యార్థుల హాజరును ఎవరు ధ్రువీకరిస్తారు. జీతం సంగతి ఆ తరువాత మాట్లాడుకోవచ్చు.