లాంతరు దగ్గర మొదలుపెట్టు

చిరంజీవి చిట్టితల్లికి,

మావయ్య ఆశీస్సులు. శనివారం లండన్‌లోని టేట్ బ్రిటన్ చిత్రశాలకు వెళ్తున్నానని, ఇంగ్లీషు చిత్రకారుడు టర్నర్ వేసిన బొమ్మల్లో ముందు ఏది చూడాలో చెప్పమని రాశావు. నా మాట వింటే ఆ రోజుకు ఒక్కటే చూడు: ‘సముద్రంలో జాలరులు’ (Fishermen at Sea). అక్కడి శాశ్వత సేకరణకు టికెట్ అక్కర్లేదు కాబట్టి మిగతావి మరోసారి చూసుకోవచ్చు. బొమ్మ గోడ మీద ఉందో లేదో మాత్రం వెబ్‌సైట్‌లో చూసుకుని బయలుదేరు.

టర్నర్ లండన్‌లోని కళాకారుల సంస్థ రాయల్ అకాడమీలో ప్రదర్శనకు పెట్టిన మొదటి తైలవర్ణ చిత్రం అది. సంవత్సరం 1796, అతనికి 21 ఏళ్లు. తండ్రి క్షౌరం చేస్తూ, విగ్గులు తయారుచేస్తూ లండన్‌లో బతికిన మనిషి. అప్పటిదాకా అకాడమీ గోడల మీద ఈ కుర్రవాడివి నీటిరంగుల బొమ్మలే. నూనెరంగులతో మొదటిసారి అందరి ముందుకు వస్తూ రాత్రి సముద్రాన్ని ఎంచుకున్నాడంటే ఎంత గుండెధైర్యమో చూడు! బొమ్మలోని చోటు ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని వైట్ ద్వీపం (Isle of Wight) పడమటి కొసన ఉన్న నీడిల్స్ రాళ్లు. అవి సుద్దరాళ్లు, ఎండలో తెల్లగా ఉంటాయి. అతను వాటిని చీకటి ముద్దలుగా వేశాడు.

నేను వెళ్లినప్పుడు మబ్బుల నడుమ ఉన్న చంద్రుణ్ణి, కింద నీళ్ల మీద పరుచుకున్న ఆ చల్లని వెలుగును చూసి, చాలనుకుని పక్క గదిలోకి వెళ్లిపోయాను. ఇంటికి వచ్చాక తెలిసింది, పడవలోని లాంతరును చూడనే లేదని. ఆ బాధ ఇప్పటికీ ఉంది. అందుకే చెబుతున్నాను, నువ్వు లాంతరు దగ్గరే మొదలుపెట్టు. పసుపు, నారింజ కలిసిన చిన్న వెచ్చటి చుక్క అది. అలల మధ్య ఊగుతున్న పడవలో ఆ మనుషుల కోసం ఉన్న దీపం అదొక్కటే. చంద్రుడి వెలుగు ఆకాశమంతా ఆక్రమించినా నా మనసు మాత్రం ఈ చుక్క దగ్గరే ఆగిపోతుంది. చల్లటి వెలుగు పక్కన ఉండబట్టే దీనికి అంత వేడి వచ్చింది. నూనెరంగులు పట్టిన నీకు ఇంతకంటే మంచి పాఠం ఎవరూ చెప్పలేరు.

బొమ్మ వెడల్పు 122 సెంటీమీటర్లు, ఎత్తు 91. రెండడుగుల దూరంలో కాసేపు, పది అడుగుల దూరంలో కాసేపు నిలబడు. వార్నిష్ మీద దీపాలు మెరిస్తే ఒక పక్కకు జరుగు. భీమిలి ఒడ్డున రాత్రిపూట కూర్చున్నప్పుడు అలలు ఒక్కొక్కటిగా కళ్లకు ఆనేవి, గుర్తుందా? ఇక్కడా అంతే ఓపిక కావాలి.

ఫోటో తియ్యకు, ఫోను ఆ చీకటిని వెలవెలబోయేలా చేస్తుంది. నోటుబుక్కులో ఒక పేజీ అంతా పెన్సిలుతో నల్లగా రుద్ది, రబ్బరుతో ముందు చంద్రుణ్ణి, తర్వాత నీళ్ల మీది వెలుగును తియ్యి. లాంతరు కోసం రబ్బరు మొన కోసి ఉంచుకో. ఒక్క చుక్కే, అంతకు మించి వద్దు. ఆ పేజీ నాకు పోస్టులో పంపు.

ఇట్లు,
మావయ్య