పరిణామం పాఠం వినకుండా పాపకు మినహాయింపు అడగొచ్చా?

ప్రశ్న: వకీలు గారూ, మాది దేవరకొండ దగ్గర పల్లె. మా పాప జిల్లా పరిషత్ హైస్కూల్లో పది చదువుతోంది. స్లిప్ టెస్టులో జీవపరిణామం ప్రశ్నకు ‘మనిషిని దేవుడే చేసిండు’ అని రాస్తే సారు సున్నా వేసిండు. ఇది మా మత స్వేచ్ఛకు భంగం కాదా? ఆ పాఠం నుంచి మినహాయింపు అడగొచ్చా?

జవాబు: మీరు పంపిన పేపరు ఫొటో చూశాను. పాప ముందు ‘డార్విన్ ప్రకారం ప్రకృతి వరణం...’ అని (జీవపరిణామ సిద్ధాంతం చెప్పిన శాస్త్రవేత్తే ఈ డార్విన్) మొదలుపెట్టి, ఆ లైను కొట్టేసి, కింద మీరు చెప్పిన వాక్యం రాసింది. అంటే బిడ్డకు జవాబు తెలుసు. తెలిసీ భయపడి కొట్టేసింది. నన్ను బాధపెట్టింది సున్నా కాదు, ఆ కొట్టివేత.

మీదే మతమో రాయలేదు, రాయనక్కర్లేదు కూడా. రాజ్యాంగం 25వ అధికరణ మీ విశ్వాసాన్ని కాపాడుతుంది. 28వ అధికరణ ప్రకారం పూర్తిగా సర్కారు సొమ్ముతో నడిచే బడిలో ఏ మత బోధనా చేయకూడదు. ఇతర మతాల బోధన మీ పాప మీద రుద్దకుండా ఆపేదీ అదే. సమ్మతి లేకుంటే హాజరు కానక్కర్లేదని అందులో ఉన్నది ఎయిడెడ్ (సర్కారు సాయం పొందే), గుర్తింపు పొందిన బడుల్లో జరిగే మత బోధనకూ ప్రార్థనకూ వర్తిస్తుంది. సైన్సు పాఠానికి కాదు.

1986లో సుప్రీంకోర్టు కేరళకు చెందిన ముగ్గురు పిల్లల పక్షాన నిలిచిన మాట నిజమే. వాళ్లు జాతీయ గీతం పాడేటప్పుడు మర్యాదగా నిలబడ్డారు, పాడలేదు. మత విశ్వాసం ఒప్పుకోదన్నారు. మీ పాపను ఎవరూ ఏదీ నమ్మమనలేదు. డార్విన్ ఏం చెప్పాడో రాయమన్నారు, అంతే. డార్విన్ సిద్ధాంతం తప్పని ప్రకటించాలంటూ ఒకాయన వేసిన పిటిషన్‌ను 2023 అక్టోబరులో అదే సుప్రీంకోర్టు కొట్టేసింది. కాబట్టి మినహాయింపు కోసం కోర్టుకెక్కి డబ్బులు పోగొట్టుకోకండి.

ఇంకొక మాట. కోతి మనిషైందని ఆ పాఠం చెప్పదు. ఇద్దరికీ ఏనాటిదో ఒకే పూర్వీకం ఉందంటుంది. పాప పక్కన కూర్చుని మీరూ ఒకసారి చదవండి. ‘డార్విన్ ప్రకారం’ అని రాసినంత మాత్రాన బిడ్డ దేవుణ్ణి కాదన్నట్టు కాదు. ఆ మాట ఇంట్లో మీ నోటి నుంచే వినాలి.

సారు అందరి ముందు పాప నమ్మకాన్ని ఎగతాళి చేసి ఉంటే మాత్రం ఊరుకోవద్దు. హెడ్మాస్టరుకు కాగితం మీద రాసివ్వండి, నకలుపై సంతకం, తేదీ వేయించుకోండి. కదలిక లేకుంటే మండల విద్యాధికారికి (ఎంఈవో), ఆపైన నల్లగొండలో జిల్లా విద్యాధికారికి (డీఈవో) ఇవ్వండి.